గుండుసూదుల సంతకం

నోట్లో గుండుసూదులున్న మనిషి చేత సంతకం పెట్టించుకోవడం లోకంలో అన్నిటికన్నా తేలికైన పని. ఆ మనిషికి ‘కాదు’ అనడానికి వీలుండదు. ‘ఎందుకు’ అని అడగడానికి అంతకన్నా వీలుండదు. ఈ రహస్యం కనిపెట్టినవాణ్ణి నేనే. కనిపెట్టి ఎంత బాగుపడ్డానో చెప్తాను, కూర్చోండి. మీ టీ చల్లారితే చల్లారనివ్వండి.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. పేటలో అందరూ టైలరమ్మ అంటారు. నేను కత్తెర అంటాను, ఆవిడ పక్కన లేనప్పుడు. మా ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, గోడ పొడుగునా వేలాడే సగం కుట్టిన కోట్లు. చేతుల్లేని ఆ కోట్ల మధ్య నిలబడి, కత్తెర పట్టుకుని ఆవిడ నావైపు చూసిందంటే, తరవాత నంబరు నాదేనేమో అనిపిస్తుంది.

నేను లిఫ్టు మెకానిక్కుని. ముప్ఫై నాలుగేళ్ళుగా జనాన్ని పైకి పంపిస్తున్నాను, నేను మాత్రం కిందే ఉన్నాను. నా చదువు ఏడో తరగతి దాకా ఎక్కి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. అందుకని కాగితం అనేది నేను చదవను. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాను. ఈ సంగతి ఓ మూల గుర్తుంచుకోండి.

ఇక నా చిలిపి పనుల సంగతి మీకు తెలియంది కాదు. ఒకసారి ఆవిడ కొలతల టేపు మొదట్లో రెండంగుళాలు కోసేశాను. ఆవిడ మనుషుల్ని టేపుతో కొలుస్తుంది, గుడ్డని ఇనప స్కేలుతో కత్తిరిస్తుంది. ఇంకేముంది, కుట్టిన ప్రతి చొక్కా రెండంగుళాలు వదులు. వేసుకున్నవాళ్ళంతా తాము చిక్కిపోయామని మురిసిపోయి, ఇంటికెళ్ళి మరో ముద్ద ఎక్కువ తిన్నారు. ఆవిడకి సంగతి తెలియడానికి సరిగ్గా నాలుగు రోజులు పట్టింది. మర్నాడు నేను పనికి వెళ్ళబోతే, నా ప్యాంట్లన్నిటికీ కాళ్ళ చివర కుట్లు వేసి ఉన్నాయి. పది ప్యాంట్లు, ఒక్క కాలూ బయటికి రాదు.

అలాంటి ఇంట్లో మొదలైంది ఈ కథ.

నాకు అరవై నిండడానికి అప్పటికి ఎనిమిది నెలలుంది. అరవై నిండితే మా కంపెనీ పింఛను ఖాతా లోంచి నెలనెలా డబ్బొస్తుంది. ఆ నెల కోసం నాకన్నా మా కత్తెరే ఎక్కువ ఎదురు చూస్తోంది. ఏటా రెండు స్కూళ్ళ యూనిఫారాలు ఆవిడ కుట్టాలి, ఆరువందల జతలు. కుట్టీ కుట్టీ కుడి బొటనవేలు సరిగ్గా వంగడం మానేసింది.

“మీ పింఛను వచ్చిన నెల నుంచి యూనిఫారాలు మానేస్తానండీ. సరదాగా ఒక కోటు, ఒక గౌను కుట్టుకుంటాను, అంతే” అనేది, ఆ వేలికి మందు రాసుకుంటూ.

“అప్పుడు నీ కత్తెరకి రిటైర్మెంటా?” అనేవాణ్ణి.

“కత్తెరకి లేదు. మీ మీదికి డ్యూటీ మారుస్తాను.”

ఇదిలా ఉండగా, నేను ఓ ఎర్ర మోటారు సైకిలు చూశాను. పాత సామాన్ల కొట్టు ముందు నిలబెట్టి ఉంది, పక్కన మనిషి కూర్చునే తొట్టితో సహా. పాతదే కానీ ఎరుపంటే ఎరుపు. దాన్ని చూడగానే నా గుండె మూడో అంతస్తు నుంచి ఏకంగా పదో అంతస్తుకి వెళ్ళిపోయింది.

ఎందుకో చెప్పాలి. మా ఇంట్లో స్కూటరు నడిపేది ఆవిడ. కుట్టిన బట్టలు ఇళ్ళకి అందించడానికి కొనుక్కుంది. పాతికేళ్ళ కిందట నేను ఒక్కసారి నడిపి, కాలవలో దింపాను. కాలవలో కూడా నేరుగానే నడిపాను, ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. ఆనాటి నుంచీ నా చోటు వెనక సీటు, ఒళ్ళో బట్టల మూట. ఇప్పుడీ ఎర్ర బండి కొంటే, నేను పైన, ఆవిడ తొట్టిలో. ఆవిడ చెప్పేది గాలికి నాకు వినబడను కూడా వినబడదు. మగాడన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి.

కొట్టు యజమాని పది రోజుల్లో చెప్పమన్నాడు. డబ్బంటే నా దగ్గర పింఛను ఖాతాలో తప్ప ఎక్కడా లేదు. అందుకని మా బావమరిదిని అడిగాను. వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, సలహారావు అంటారు. అడిగినా అడక్కపోయినా సలహా ఇస్తాడు, తాను మాత్రం పాటించడు. అందుకే ఇంతవరకూ క్షేమంగా ఉన్నాడు.

“నీ డబ్బేగా బావా, కొంత ముందే తీసుకో. ఫారం ఒకటుంటుంది” అన్నాడు.

“దాంట్లో భార్య సంతకం కూడా ఉండాలట్రా.”

“అక్క చేత పెట్టించు.”

“మీ అక్క చదివి పెడుతుంది.”

“ఎప్పుడైనా చదవకుండా పెడుతుందా?”

ఆలోచించాను. పెడుతుంది. మనిషికి కోటు తొడిగి పిన్నులు పెట్టేటప్పుడు ఆవిడ నోట్లో పది, పదిహేను గుండుసూదులుంటాయి. అప్పుడు బట్టల కొట్టు నుంచి సరుకొస్తే, తెచ్చినవాడి రసీదు మీద అటు చూస్తూనే గీకి పంపిస్తుంది.

సోమవారం పొద్దున ఓ లావుపాటి పెద్దమనిషికి కోటు తొడిగి, చుట్టూ తిరుగుతూ పిన్నులు గుచ్చుతోంది. నోరు ముళ్ళపంది వీపులా ఉంది. నేను మెల్లిగా వెళ్ళి, అట్ట మీద రెండు రసీదులు, వాటి కింద నా ఫారం పెట్టి ముందుకు చాపాను.

“దారాలొచ్చాయి. ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ” అన్నాను.

ఆవిడ కలం తీసుకుంది. మొదటి దాని మీద గీకింది. రెండో దాని మీద గీకింది. మూడో దాని దగ్గర కాస్త ఆగింది. నా ప్రాణం అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగింది. తరవాత కాస్త ఎక్కువసేపే గీకి, కలం నాకిచ్చేసింది.

నేను దాన్ని చూడను కూడా చూడలేదు. చప్పున మడిచి, కవర్లో పెట్టి, పింఛను ఆఫీసుకి పరిగెత్తి కిటికీలోంచి లోపలికి తోసేశాను. తిరిగొస్తూ కొట్టు దగ్గర ఆగి, ఎర్ర బండిని ‘మా బండీ’ అని పిలిచి వచ్చాను.

మంగళవారం ఓ ఎనిమిదంతస్తుల మేడలో లిఫ్టు పని. బిగించాను, నూనె పోశాను, సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఎక్కాను. నాతోపాటు ఓ ముసలి ఆడిటరు ఎక్కాడు, ఆ మేడలోనే ఆయన ఆఫీసు. ఐదుకీ ఆరుకీ మధ్య అది ఆగిపోయింది. నా రిపేరు అంత గట్టిదన్నమాట.

ఆడిటరు ముఖం తెల్లకాగితమైపోయింది. “బయటికి వస్తామంటావా?” అన్నాడు.

“వస్తామండీ. ఇంతవరకూ ఎవరూ ఇందులో కాపరం పెట్టలేదు. పైన మోటారు దగ్గర మా హెల్పరున్నాడు, చేత్తో తిప్పి లాగుతాడు. అరగంట.”

పెద్దాయన ఊపిరి పీల్చలేకపోతున్నాడు. మాటల్లో పెడదామని, “మీరు పన్నుల మనిషి కదండీ, చిన్న సంగతి. నా పింఛను ఖాతాలోంచి కొంత తీస్తున్నాను” అన్నాను.

“నీ వయసెంత?”

“అరవైకి ఎనిమిది నెలలు తక్కువ.”

ఆయన తన పెట్టె కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. ముఖంలోకి రంగొచ్చింది. “తీసేశావా?”

“నిన్ననే కాగితం ఇచ్చాను.”

“చూడు నాయనా. ఇన్నేళ్ళూ ఆ ఖాతాలో పెట్టిన డబ్బు మీద నీ దగ్గర పన్ను తీసుకోలేదు. ఎందుకు? అరవై దాకా ముట్టుకోనని నువ్వు ఒప్పుకున్నావు గనక. ముట్టుకున్నావా, తీసిన దాంట్లో నూటికి ముప్ఫై పన్ను కింద పోతుంది.”

“పోతే పోనీండి, డెబ్భై నాదేగా.”

“అది కాదు అసలు దెబ్బ. నెలనెలా నీకు రావలసిన పింఛనులో సగం నీ డబ్బు, సగం మీ కంపెనీ వేసే వాటా. అరవై లోపు చెయ్యి పెట్టినవాడికి కంపెనీ వాటా రాదు. మీ రూల్సు పుస్తకంలో ఉంటుంది, చదవలేదా?”

“అంటే సగమేనా? ఎన్నాళ్ళు?”

“నువ్వు ఉన్నన్నాళ్ళు. నీ తరవాత మీ ఆవిడ ఉన్నన్నాళ్ళు.”

ఎనిమిది నెలలు ఓపిక పడితే ఏ గొడవా లేకపోయేదట. ఆయన చెప్పుకుపోతున్నాడు. భయం ఆయన్ని వదిలి నన్ను పట్టుకుంది. నా కళ్ళ ముందు ఆరువందల జతల యూనిఫారాలు, వాటి వెనక వంగని ఓ బొటనవేలు. కాసేపటికి లిఫ్టు కదిలింది. ఆయన హాయిగా దిగి వెళ్ళిపోయాడు. నన్ను మావాడు చెయ్యి పట్టుకుని దింపాడు.

పనిముట్లు అక్కడే వదిలేసి పింఛను ఆఫీసుకి పరిగెత్తాను. కిటికీ వెనక కూర్చునే గుమాస్తా ఒకావిడ ఉంది, లావుపాటి కళ్ళద్దాలు, మనిషి అంతా రూల్సే. మేం రూల్సమ్మ అంటాం.

“అమ్మా, నిన్న నేనిచ్చిన ఫారం ఉంది చూడండి, దాన్ని చింపెయ్యండి.”

“ఆఫీసులో ఏదీ చింపమండీ” అంది. “రద్దు చేసుకోవాలంటే ఇంకో ఫారం. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల ఇవ్వాలి. మీ సంతకం, మీ ఆవిడ సంతకం.”

“తీసుకునేటప్పుడంటే సరే. వద్దు అనడానికి కూడా ఆవిడ సంతకమేనా?”

“ఆవిడ వద్దంటోందని మాకెలా తెలుస్తుంది?” అని, ఫైలు అడ్డం పెట్టుకుని ఖళ్ళుఖళ్ళున దగ్గింది. భుజాలు ఊగిపోతున్నాయి పాపం.

“జలుబా అమ్మా?”

“నిన్న సాయంత్రం నుంచీ” అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఓ ఫారం బయటికి తోసింది. ఎప్పటిలాగే మడిచి జేబులో పెట్టుకున్నాను.

అంటే ఒకసారి మోసం చేసి పెట్టించుకున్న సంతకాన్ని రద్దు చేయడానికి ఇంకోసారి మోసం చేసి సంతకం పెట్టించుకోవాలి. నిజం చెప్పొచ్చు కదా అంటారేమో. పది ప్యాంట్లు గుర్తుచేసుకుని మాట్లాడండి.

బుధవారం మళ్ళీ గుండుసూదుల వేళ చూసుకుని అట్ట పట్టుకెళ్ళాను. “బొత్తాలొచ్చాయి. ఇక్కడ ఒక్కటే.”

ఈసారి ఆవిడ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి, చేతికి కట్టుకున్న మెత్త మీద గుచ్చింది. పద్నాలుగు. నేను లెక్కపెట్టాను, వేరే పనిలేక. తరవాత కళ్ళజోడు పెట్టుకుంది.

“బొత్తాల రసీదుకి ఇంత పెద్ద కాగితమా?”

“ఈ మధ్య మర్యాదగా, వివరంగా రాస్తున్నారు.”

“అయితే నేనూ మర్యాదగా, వివరంగా చదువుతాను. ఇటివ్వండి.”

“వద్దులే, నీ కళ్ళు నొప్పెడతాయి” అని లాక్కుని వచ్చేశాను.

ఆ సాయంత్రం కొట్టు వైపు వెళ్తే, ఎర్ర బండి మీద చీటీ అంటించి ఉంది. ఎవరో అడ్వాన్సు ఇచ్చేశారట. మీరు నమ్మరు, నాకు ఏడుపు రాలేదు. ఆ బండి కోసం మా ఆవిడ వేలు తాకట్టు పెట్టానే అన్న ఏడుపే సరిపోయింది.

గురువారం సలహారావుని రంగంలోకి దింపాను. నెత్తిన హెల్మెట్టు, ముఖానికి అద్దం, చేతిలో పార్సిలు. నేను గోడ చాటున.

“అమ్మగారూ, కొరియరు. సంతకం పెట్టండి” అన్నాడు, గొంతు బొంగురు చేసి.

ఆవిడ కాగితం వంక చూడలేదు. వాడి కాళ్ళ వంక చూసింది. కిందికి వంగి ప్యాంటు అంచు పట్టుకుంది.

“ఈ మడత నేను కుట్టిందే. ఎడమ కాలు అర అంగుళం పొట్టి కుట్టాను. పేటలో ఎడమ కాలు అర అంగుళం పొట్టిగా ఉన్న కొరియరబ్బాయి ఎవరా అని చూస్తున్నాను.”

హెల్మెట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

ఆవిడ పార్సిలు విప్పింది. లోపల ఇటుక. “మన గేటుకి అడ్డం పెట్టే ఇటుక నాకే కొరియరులో పంపించిన పుణ్యాత్ముడెవరో. సరే, ఎలాగూ వచ్చావు, కూర్చోరా తమ్ముడూ. రెండొందల చొక్కాలకి బొత్తాలు కుట్టాలి.”

“అక్కా, హెల్మెట్టు తీసెయ్యనా?”

“వద్దులే. సూది గుచ్చుకుంటే కళ్ళకి రక్షణ.”

వాడు సాయంత్రం దాకా కుట్టాడు. వెళ్తూ వెళ్తూ నాకో సలహా ఇచ్చాడు. “బావా, నిజం చెప్పెయ్.” వాడి జీవితంలో పనికొచ్చిన సలహా అదొక్కటే, అదీ వేళ్ళనిండా పొడిపించుకున్నాకే వచ్చింది.

శుక్రవారం పన్నెండయింది. ఒంటిగంటయింది. రెండింటికి ముందు గదిలోకి వెళ్ళాను. ఆవిడ యూనిఫారం కాలరు కుడుతోంది. బొటనవేలు పక్కకి పెట్టి, చూపుడు వేలితోనే గుడ్డ తోస్తోంది. అది చూశాక ఇక నిలబడలేకపోయాను.

“ఇదిగో, మిషను ఆపు. నేనో వెధవ పని చేశాను.”

“ఏది?” అంది, ఆపకుండానే.

“ఏదేంటి?”

“చాలా ఉన్నాయి కదా. ఏదో చెప్తే దాని గురించే వింటాను.”

అంతా చెప్పాను. సూదులు, ఫారం, ఎర్ర బండి, ఆడిటరు, ముప్ఫై, సగం. చివరికి “నీ యూనిఫారాలు ఆగవు. నా మూలంగా. నాలుగు లోపల నువ్వు సంతకం పెడితే తప్ప” అన్నాను. గొంతు నిజంగానే బొంగురుపోయింది. హెల్మెట్టు లేకపోయినా.

ఆవిడ దారం తెంపింది. లేచి, బొత్తాల డబ్బా తెచ్చి మూత తీసింది. బొత్తాల కింద నుంచి మడిచిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చింది.

“చదవండి.”

“నువ్వే చెప్పు.”

“మీరే చదవండి. కొంప మునిగింది చదవక కాదా?”

విప్పాను. సోమవారం నేనిచ్చిన ఫారమే. మీద అడ్డంగా ‘చెల్లదు’ అని ఆఫీసు ముద్ర, సోమవారం తారీఖు. కింద భార్య సంతకం ఉండాల్సిన చోట సంతకం లేదు. మా ఆవిడ దస్తూరీలో రెండు మాటలున్నాయి: ‘చదివాను. ఇప్పుడొద్దు.’

నేను కుర్చీ కోసం వెతుక్కుంటూ నేల మీద కూర్చున్నాను.

“నోట్లో సూదులున్నాయి కదండీ” అంది. “నోటితో చెప్పలేక రాసి చెప్పాను. మీరు చూస్తారనుకున్నాను. మీరేమో మడిచి పట్టుకుపోయారు.”

“మరి ఇది నీ దగ్గరికెలా వచ్చింది?”

“రూల్సమ్మ కోటు కుడుతున్నాను. సోమవారం సాయంత్రం కొలతలకొచ్చి ఇచ్చి వెళ్ళింది. ఇద్దరం నవ్వీ నవ్వీ ఆవిడకి దగ్గు పట్టుకుంది.”

“అంటే పింఛను?”

“ఉంది.”

“సగం కాదు?”

“మొత్తం ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.”

ఆ మాట వినగానే ఒంట్లో బిగించిన బోల్టులన్నీ ఒకేసారి వదులైనట్టయింది. నవ్వొచ్చింది, దాని వెనకే ఆకలేసింది. ఆ తరవాత కోపం కూడా వచ్చింది.

“నాలుగు రోజులు నన్నిలా తిప్పుతావా? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?”

“నా టేపు రెండంగుళాలు మీరు కోసినప్పుడు, నాకు తెలియడానికి ఎన్ని రోజులు పట్టింది?”

ఆలోచించాను. “నాలుగు.”

“సరిపోయింది” అంది.

“మరి నా జేబులో ఉన్న రద్దు ఫారం?”

“అదీ, ఆ శుక్రవారం గడువూ మా ఇద్దరి పన్నాగమే. తీసి చదవండి.”

కూడబలుక్కుంటూ చదివాను. ఏడో తరగతి తరవాత నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి కాగితం అదే. రద్దు గురించి అందులో ఒక్క ముక్క లేదు. అరవై నిండిన రోజున ఖాతాలో పావు వంతు ఒకేసారి తీసుకోవచ్చు, పన్ను లేదు, కంపెనీ వాటా పోదు. దానికి ముందుగా పెట్టుకునే దరఖాస్తు అది.

“ఈ పావు వంతు తీసుకున్నా నెలనెలా మీకెంతొస్తుందని చెప్పారో అంతే వస్తుంది, వాళ్ళు ఆ లెక్క వేసిందే ఇది తీసేశాక మిగిలే దాని మీద. రూల్సమ్మని రెండుసార్లు అడిగాను” అంది ఆవిడ. “అందుకే ‘ఇప్పుడొద్దు’ అన్నాను. ‘వద్దు’ అనలేదు. రెండిటికీ ఎనిమిది నెలల తేడా ఉంది.”

“ఎనిమిది నెలలకి ఏం కొంటాం? బండి ఎవరో పట్టుకుపోయారు.”

ఆవిడ కాగితం మీద సంతకం పెడుతూ, తల ఎత్తకుండా అంది. “అడ్వాన్సు ఇచ్చింది నేనే. డబ్బు ఎర్ర బండికని ఫారంలోనే మా తమ్ముడి దస్తూరీలో ఉంది. తొట్టిలో సీటు చిరిగింది, కొత్త తొడుగు కుట్టాలి. కొలత తీసుకొచ్చాను.”

ఎనిమిది నెలలు గడిచాయి. అరవై నిండింది. పావు వంతు వచ్చింది, పైసా కోత లేకుండా. పింఛను మొదలైంది, మొత్తం. ఆ నెలలోనే రెండు స్కూళ్ళవాళ్ళూ వస్తే, ఆవిడ గుమ్మంలోనే నిలబడి వేరే టైలరు అడ్రసు చెప్పి పంపించింది. ఆ సాయంత్రం ఎన్నాళ్ళకో మా ఇంట్లో మిషను చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుని ఇద్దరం రెండేసి టీలు తాగాం. అంత హాయిగా ఉంది.

మర్నాడు ఎర్ర బండి ఇంటి ముందుకొచ్చింది. తళతళలాడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, బన్ను మొత్తం నోట్లో కుక్కుకుని, బండినే చూస్తున్నాను. అప్పుడే ఆవిడ అట్ట ఒకటి నా ముందుకి చాపింది. మీద ఓ కాగితం, కలం.

“బండి కాగితాలు. ఇక్కడ సంతకం పెట్టండి.”

నేనిప్పుడు పాత మనిషిని కాను. మొత్తం చదివాను. బండి యజమాని, ఆవిడ. నడిపేది, ఆవిడ. కింద, ఆవిడ దస్తూరీలోనే ఇంకో లైను చేర్చి ఉంది: ‘తొట్టిలో కూర్చునేది ఆయన. దారి చెప్పరు.’

అన్యాయం అందామని నోరు తెరిచాను. నోటినిండా బన్ను. ఆవిడ కలం నా చేతిలో పెట్టి, హెల్మెట్టు తగిలించుకుంటూ నిలబడింది.

ఏం చేస్తాను. చదివే పెట్టాను సంతకం. తొట్టిలో సీటు మాత్రం, నిజం చెప్పొద్దూ, నా కొలతకి సరిగ్గా సరిపోయింది.